డెన్మార్క్ మరిచిపోయినా నిలబడ్డ తరంగంబాడి కోట

తమిళనాడు తీరంలో, కారైక్కాల్‌కు ఉత్తరాన తరంగంబాడి ఉంది. అక్కడి డాన్స్‌బోర్గ్ కోటను టూరిజం ప్రచారం 'డేనిష్ కోట' అంటుంది. అది నిజమే, కానీ సగం నిజం.

ఆ స్థలం ఇచ్చింది తంజావూరు నాయకరాజు రఘునాథుడు. తెలుగులో కావ్యాలు రాసి, చేమకూర వేంకటకవిని ఆదరించిన ఆ రఘునాథుడే. నాగపట్నంలో పోర్చుగీసుల పట్టు బిగుస్తున్న కాలమది. వాళ్లకు పోటీగా ఇంకో యూరప్ దేశం వస్తే వ్యాపారంలో తనకే లాభం. 1620 నవంబరులో డేనిష్ నౌకాధికారి ఓవె గెడ్డెతో ఒప్పందం కుదిరింది అందుకే. ఇందులో డేనిష్ సాహసం ఎంత ఉందో, తంజావూరు లెక్క కూడా అంతే ఉంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆశ్చర్యం. యూరప్ యుద్ధాలతో, అప్పులతో డెన్మార్క్ చితికిపోయింది. దాదాపు మూడు దశాబ్దాలు ఇటు ఒక్క ఓడా రాలేదు. జీతాలు లేవు, సరుకు లేదు. ఉన్న డేన్లు ఒక్కొక్కరే పోగా చివరికి ఎస్కిల్ కాంగ్స్‌బక్కె ఒక్కడే మిగిలాడు. బంగాళాఖాతంలో ఓడల్ని దోచి ఆ సొమ్ముతో నెట్టుకొచ్చాడు. తంజావూరు సైన్యాలు మీదికొస్తే ఊరి చుట్టూ గోడ కట్టించాడు. అదంతా ఒక్కడి వల్ల అయ్యే పనా? అతని వెంట నిలిచింది స్థానికులు, పోర్చుగీసు సంతతి వాళ్లు. 1669లో ఓడ వచ్చేసరికి జెండా ఇంకా ఎగురుతోందంటే ఆ ఘనత వాళ్లకూ దక్కాలి. వాళ్లలో ఒక్కరి పేరూ జనానికి తెలియదు.

1845లో డేన్లు దీన్ని ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు. తర్వాత చాలాకాలం ప్రయాణికుల బంగళాగా ఉండి, 1978లో రాష్ట్ర పురావస్తు శాఖ చేతికొచ్చింది. ఇప్పుడు లోపల మ్యూజియం ఉంది.

2004 సునామీలో ఇక్కడి మత్స్యకారుల ఇళ్లు కొట్టుకుపోయాయి, కోట నిలిచింది. డెన్మార్క్ నుంచి కోట మరమ్మతులకు సాయం అందడం మంచిదే. అయితే ఈ తీరాన తరతరాలుగా బతుకుతున్నవాళ్లకు కోట కథలో చోటెక్కడ? మత్స్యకారుల పిల్లలకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టుకోవచ్చు. రఘునాథుడి ఒప్పందాన్ని, ఓడలు రాని ఆ ముప్పై ఏళ్లను తమిళంలో, తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించొచ్చు. దీనికి అయ్యే ఖర్చు ఒక్క గోడ మరమ్మతు పాటి కూడా ఉండదు.