వజూ కుళాయి దగ్గర మొదలవ్వాల్సిన పాఠం

నల్లగొండకు నీటి విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన తరాలు ఇక్కడివి. ఈ నేలమీది మక్తబులు (చిన్నపిల్లల మత పాఠశాలలు), మదరసాలు, ముస్లిం యాజమాన్యాల పాఠశాలలు పిల్లలకు బోధించే దీనియాత్‌లో (ఇస్లాం మతపాఠాల్లో) నీటికి, చెట్టుకు ఇప్పటికంటే పెద్ద చోటు దక్కాలని మేము కోరుతున్నాం.

ఇందుకు బయటినుంచి అరువు తెచ్చుకోవలసింది ఏమీ లేదు. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూలో, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కునే శుద్ధిలో, నీరు వృథా చేయరాదన్న హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. ప్రవక్త ముహమ్మద్ ఒక ముద్ నీటితో, అంటే లీటరుకు తక్కువైన కొలతతో, వజూ పూర్తి చేసేవారని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాలూ చెబుతున్నాయి. మరి ధారగా వదిలిన కుళాయి కింద ఒక్కరి వజూకు ఎన్ని ముద్‌లు పోతున్నాయో పిల్లలచేత చెంబుతో కొలిపిస్తే, కంఠస్థం చేసిన హదీసుకు అర్థం వారి చేతికే తెలుస్తుంది. నాటిన మొక్క నుంచి పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అది నాటినవారికి సదఖా (పుణ్యదానం) అవుతుందన్న బోధన కూడా అంతే. ఆవరణలో ఒక వేపమొక్కను పెంచే బాధ్యత అప్పగించకుండా ఆ బోధనను కంఠతా అప్పజెప్పించుకోవడం వల్ల ప్రయోజనం స్వల్పం. మహబూబ్‌నగర్ పిల్లలకైతే పిల్లలమర్రి దగ్గరలోనే ఉంది. చెదలు తొలిచిన ఆ మహావృక్షానికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న సంగతి వారికి చూపించి చెప్పవచ్చు.

సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయమన్నది కదా, మతబోధన ఎందుకని కొందరు అడగవచ్చు. పరీక్షకోసం చదివింది పరీక్షతో పోతుంది. వజూ మాత్రం రోజూ నమాజు వేళల్లో జీవితాంతం ఉంటుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధను రాజ్యాంగం 28వ అధికరణం అనుమతించదు కాబట్టి, మా సూచన వాటికి వర్తించదు.

ఉస్తాదులు ఎంత చక్కగా చెప్పినా, కారే కుళాయి పక్కన పాఠం నిలవదు. రంజాన్ సెలవులు ముగిసి, ఆ తర్వాతి నెల షవ్వాల్‌లో మదరసాలు తెరిచేలోగా కమిటీలు ఆ కుళాయిలు బాగుచేయించి, వజూ నీరు మురుగుకాలువలో కలవకుండా చెట్ల పాదులకు చేరేలా ఒక చిన్న కాలువ తవ్వించాలి.