పేరు సంగతి తర్వాత, ముందు పగ ఎవరితోనో చెప్పండి

2022 జనవరిలో వాల్టర్ అనే ఆస్ట్రియా రెజ్లర్ పేరుని అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఉన్నట్టుండి గుంథర్ అని మార్చేసినప్పుడు అభిమానులు చేసిన గోల ఇంతా అంతా కాదు. అప్పటికే వాల్టర్ అన్న పేరుతో ఆ కంపెనీ బ్రిటన్ విభాగం ఎన్‌ఎక్స్‌టీ యూకే టైటిల్‌ని 870 రోజులు చేతిలో పెట్టుకున్న మనిషి అతను. దానికి తోడు కంపెనీ ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు చేసిన పూర్తి పేరు గుంథర్ స్టార్క్ అనీ, అది ఒకప్పటి నాజీ జలాంతర్గామి కమాండర్ పేరనీ బయటపడేసరికి మంటలో పెట్రోలు పోసినట్టయింది. స్టార్క్ మాయమైంది, గుంథర్ మిగిలింది. ఇంత మంచి రెజ్లర్‌ని చేతులారా పాడు చేసుకున్నారని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అదే ఏడాది మార్చిలో పీట్ డన్ అనే ఇంకో రెజ్లర్ పేరు తీసేసి బుచ్ అని పెట్టారు. అప్పుడూ తిట్టాం. ఇప్పుడు చూడండి, గుంథర్‌ని వాల్టర్ అని పిలిచేవాడు దాదాపు లేడు, బుచ్ మాత్రం 2024 జనవరిలో మళ్ళీ పీట్ డన్ అయిపోయాడు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, రెండూ జనం మొదట్లో ఛీ కొట్టిన పేర్లే. ఒకటి అతుక్కుంది, ఇంకోటి ఊడిపోయింది.

పేర్ల గురించి, పగల గురించి, ఏ మ్యాచ్ గొప్పదన్న దాని గురించి మనం విడివిడిగా కొట్టుకుంటాం గానీ, నా లెక్కలో అదంతా ఒకటే గొడవ. రింగ్ నేమ్‌కి దానంతటదిగా బలం ఉండదు, ఎదురుగా ఎవడు నిలబడ్డాడో వాడి దగ్గర్నుంచి వస్తుంది. పగ, అంటే ఇద్దరి మధ్య కంపెనీ అల్లే వైరం, కుదిరితే ఎంత పనికిమాలిన పేరైనా నిలబడుతుంది. కుదరకపోతే ఎంత గంభీరమైన పేరైనా పోస్టర్ మీద అక్షరాలే.

2022 సెప్టెంబర్‌లో కార్డిఫ్‌లో జరిగిన షేమస్, గుంథర్ మ్యాచ్ మొదటి రెండు నిమిషాలు ఒకసారి చూడండి. గంట కొట్టకముందే ఇద్దరి అనుచరులూ రింగ్ చుట్టూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కుమ్ముకుంటుంటారు, నడిమధ్యలో వీళ్ళిద్దరూ మాత్రం రెప్ప వేయకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడతారు. స్టేడియం మొత్తం ఊగిపోతుంది, ఇంకా ఒక్క దెబ్బ కూడా పడలేదు. తర్వాత గుంథర్ అరచెయ్యి షేమస్ ఛాతీ మీద పడుతుంటే ఆ తెల్లటి ఒళ్ళు ఎర్రగా కందిపోయి, మ్యాచ్ అయ్యేసరికి పచ్చి పుండులా తయారవుతుంది. ఆ రాత్రి తర్వాత గుంథర్ అన్న పేరు మీద జోకులు వేసిన గుర్తు నాకు లేదు. అన్నట్టు, రింగ్ బయట కుమ్ముకుంటున్న ఆ గుంపులో బుచ్ కూడా ఉన్నాడు. అదే అసలు తేడా. గుంథర్‌కి మధ్యలో నిలబడి చూసే చూపు దొరికింది, బుచ్‌కి పక్కన జరిగే తోపులాట దొరికింది. ఆ జూన్‌లో గెలిచిన ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌ని గుంథర్ మొత్తం 666 రోజుల పాటు వదల్లేదు.

పేరే సర్వస్వం అనుకుని కంపెనీ చేతులు కాల్చుకున్న సందర్భం ఇంకా పాతది. 1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) వదిలి పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళు వాడిన రేజర్ రామోన్, డీజిల్ అన్న పేర్లు మాత్రం డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆస్తి. పేరు మనదే, డ్రెస్ మనదే, వేరేవాడికి తొడిగితే సరిపోతుందిలే అనుకుని ఆ సెప్టెంబర్‌లో వేరే ఇద్దరిని అవే పేర్లతో టీవీలోకి దింపారు. జనం నవ్వాలో ఏడవాలో తెలియక చూశారు. అటు హాల్, నాష్ సొంత పేర్లతోనే డబ్ల్యూసీడబ్ల్యూ మీద దండయాత్రకి వచ్చినవాళ్ళలా నడుచుకుంటూ వచ్చి హల్క్ హోగన్‌తో కలిసి ఎన్‌డబ్ల్యూఓ అనే ముఠా పెట్టి ఊపేశారు. చట్టప్రకారం పేరు ఒకడి దగ్గరుంది, పగ ఇంకొకడి దగ్గరుంది. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

ఆ నకిలీ డీజిల్ వేషం వేసినవాడి పేరు గ్లెన్ జేకబ్స్. అంతకు ముందు ఏడాది అతనికి ఇచ్చిన వేషం పళ్ళ డాక్టర్, పేరు ఐజాక్ యాంకెమ్. ఇంగ్లీషులో గబగబా పలికితే ‘నేను పీకేస్తాను’ అన్నట్టు వినిపిస్తుంది, పళ్ళు పీకేవాడికి ఆ పేరు పెట్టడంలో ఉన్న శ్లేషని ఆఫీసులో ఎవరో చాలా మురిసిపోయి ఉంటారు. రెండు వేషాలూ తేలిపోయాయి. ఏడడుగుల దాకా ఎత్తున్న మనిషి, కదలికలు చక్కగా ఉన్నవాడు, అయినా ఎవరికీ పట్టలేదు. మూడోసారి వాళ్ళు చేసిన పని వేరు. అండర్‌టేకర్ పాత మేనేజర్ పాల్ బేరర్ చేత నెలల తరబడి ఒకటే మాట చెప్పించారు: నీ తమ్ముడు చచ్చిపోలేదు, మంటల్లోంచి బతికి బయటపడ్డాడు, నీ కోసం వస్తున్నాడు. మనిషి ఇంకా కనబడలేదు, పగ మాత్రం ఇంట్లో కూర్చుంది. 1997 అక్టోబర్ 5న సెయింట్ లూయిస్‌లో మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్ మ్యాచ్ చివర్లో లైట్లు ఆరిపోయి, ఎర్ర ముసుగువాడు నడిచొచ్చి, ఆ ఇనప బోను తలుపుని ఊడబీకి పక్కన పడేసి, అన్నకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. అండర్‌టేకర్ మొహంలో అంతకుముందు ఎప్పుడూ చూడని ఒక తత్తరపాటు. తర్వాత అన్న ఫినిషరే, అంటే మ్యాచ్ ముగించే అతని సొంత దెబ్బే, అన్న మీద వేసి వెళ్ళిపోయాడు. కేన్. మూడు పేర్లు, ఒకటే ఒళ్ళు. మొదటి రెండిటికీ లేనిది, మూడోదానికి ఉన్నది ఎదురుగా నిలబడ్డ ఆ అన్న.

స్టీవ్ ఆస్టిన్ పేరు కథ అందరికీ తెలిసిందే. రింగ్‌మాస్టర్ అన్న చప్పిడి పేరు వద్దు మొర్రో అని అడిగితే కంపెనీ పంపిన జాబితాలో చిల్లీ మెక్‌ఫ్రీజ్, ఫాంగ్ మెక్‌ఫ్రాస్ట్ లాంటివి ఉన్నాయట. చివరికి అప్పటి భార్య టీ ఇస్తూ, రాయిలా చల్లారిపోకముందే తాగమన్న మాటలోంచి స్టోన్ కోల్డ్ పుట్టింది. బాగానే ఉంది. 1996 జూన్‌లో కింగ్ ఆఫ్ ది రింగ్ గెలిచి, బైబిల్ వాక్యాన్ని వెక్కిరిస్తూ ఆస్టిన్ 3:16 అన్న మాటా విసిరాడు. పేరుంది, డైలాగుంది. అయినా ఆ రాత్రికి రాత్రే అతను స్టార్ అయిపోయాడని చెప్పుకోవడం తర్వాత అతికించుకున్న కథ. ఆ మాటకి అసలు బరువు బ్రెట్ హార్ట్ తిరిగొచ్చాక వచ్చింది.

1997 మార్చి 23, రెసిల్‌మేనియా 13. బ్రెట్ మంచివాడిగా వచ్చాడు, ఆస్టిన్ చెడ్డవాడిగా వచ్చాడు. ఎవరో ఒకరు ఓటమి ఒప్పుకుంటే గానీ ముగియని మ్యాచ్. చివర్లో ఆస్టిన్ బ్రెట్ కాళ్ళు మెలేసే పట్టు షార్ప్‌షూటర్‌లో ఇరుక్కున్నాడు, నుదుటి మీంచి కారే నెత్తురు కళ్ళలోంచి పళ్ళ సందుల్లోకి దిగుతోంది, చేతుల మీద లేచి ఒక్క క్షణం పట్టు విడిపించుకోబోయినట్టు కనిపిస్తాడు, మళ్ళీ పడిపోతాడు. ఒప్పుకుంటున్నాను అని మాత్రం అనడు, స్పృహ తప్పుతాడు. రిఫరీ కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపేశాక కూడా బ్రెట్ వదలకుండా కొడుతుంటే, అప్పటిదాకా బ్రెట్ కోసం అరిచిన గొంతులే తిరగబడ్డాయి. ఆస్టిన్, తనకి సాయానికొచ్చిన ఇంకో రిఫరీకి తన ఫినిషర్ స్టన్నర్ తగిలించి, కుంటుకుంటూ ఒంటరిగా వెనక్కి నడిచి వెళ్ళాడు. ఒక్క మ్యాచ్‌లో హీల్ (చెడ్డవాడు) ఫేస్ (మంచివాడు) అయ్యాడు, ఫేస్ హీల్ అయ్యాడు. ఇంకా పాతికేళ్ళు గడిచినా నా ఓటు దీనికే.

ఇక్కడే నాకూ, రేటింగులు చూసి మాట్లాడే మిత్రులకీ చెడుతుంది. మ్యాచ్‌లకి నక్షత్రాలిచ్చే రెజ్లింగ్ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ లెక్కంటే నాకు గౌరవమే, ఎవరూ చూడని జపాన్ మ్యాచ్‌ల గురించి మనలో చాలామందికి తెలిసింది ఆయన వల్లే. కానీ 1987 రెసిల్‌మేనియా 3 సంగతి తీసుకోండి. రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్‌ని ప్రతి కదలికా ముందే రాసుకుని, బట్టీ పట్టి ఆడారు, పదిహేను నిమిషాలు కూడా లేదు, ఇప్పటికీ చూడొచ్చు. అదే రాత్రి హోగన్, ఆండ్రే ది జెయింట్ మ్యాచ్‌కి మెల్ట్‌జర్ ఇచ్చింది మైనస్ నాలుగు నక్షత్రాలు. ఆండ్రే నడుం నొప్పితో సరిగ్గా కదల్లేని స్థితిలో ఉన్నాడు, ఆటగా చూస్తే ఆ రేటింగ్ అన్యాయమేమీ కాదు. అయితే ఆ రాత్రి సిల్వర్‌డోమ్ స్టేడియం నిండిపోయింది దేనికోసం? 93,173 మంది వచ్చారని కంపెనీ చెప్పింది, అది పెంచి చెప్పిన లెక్క అని మెల్ట్‌జరే అంటాడు, ఎంతమందైనా కానీ వాళ్ళు వచ్చింది ఆ కొండని హోగన్ ఎత్తగలడా లేదా అని చూడ్డానికి. ఎత్తాడు. ఆ ఒక్క ఎత్తడం కోసం ఇప్పటికీ ఆ మ్యాచ్ గుర్తుంది. పనితనం కావాలంటే సావేజ్ దగ్గరికి వెళ్ళండి, ఒళ్ళు జలదరించాలంటే హోగన్ దగ్గరికి. రెండూ ఒకే కొలతబద్దతో కొలిచి, తక్కువొచ్చినదాన్ని మ్యాచే కాదనడం నాకు నచ్చదు.

రెండూ ఒకేచోట కుదిరితే ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ వెళ్ళాలి. మిత్సుహారు మిసావా ఆరేళ్ళ పాటు రెండో టైగర్ మాస్క్. వేరేవాడు పేరు తెచ్చిన ముసుగు, పిల్లల నుంచి పెద్దల దాకా తెలిసిన బొమ్మ, ఏ రెజ్లరైనా ఎగిరి గంతేసే పేరు. 1990లో అతని కంపెనీ ఆల్ జపాన్ పెద్ద స్టార్ తెన్‌ర్యూ వేరే కంపెనీకి వెళ్ళిపోయి ఖాళీ ఏర్పడింది. ఆ మేలో ఒక ట్యాగ్ మ్యాచ్ మధ్యలో మిసావా తన జోడీ కవాడాని పిలిచి, ముసుగు ముడి విప్పమన్నాడు. విప్పాడు. ముసుగుని జనంలోకి విసిరేసి, మామూలు మొహంతో, మామూలు పేరుతో మ్యాచ్ కొనసాగించాడు. నెల తిరక్కుండా జూన్ 8న టోక్యో బుడోకాన్ హాల్లో ఆ కంపెనీ అగ్ర రెజ్లర్ జంబో త్సురుతాని ఓడించాడు. ఉన్న గొప్ప పేరుని వదులుకుంటే గానీ దొరకని పగ అది. ముడి విప్పిన అదే కవాడా తర్వాత మిసావాకి జీవితకాలపు ప్రత్యర్థి అయ్యాడు, 1994 జూన్ 3న వాళ్ళిద్దరూ బుడోకాన్‌లో ఆడినదాన్ని మించిన మ్యాచ్ లేదని వాదించేవాళ్ళతో నేను గొడవ పెట్టుకోను. పెట్టుకున్నా ఓడిపోతాను.

మాంట్రియల్ గురించి చెప్పకపోతే ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 1997 నవంబర్ 9న బ్రెట్ ఒప్పుకోకుండానే గంట కొట్టించి టైటిల్‌ని షాన్ మైకేల్స్‌కి ఇచ్చేశారు. బ్రెట్‌ది తప్పా, అప్పటి కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్‌ది తప్పా అన్న గొడవ నాకు విసుగెత్తిపోయింది. 2010 జనవరిలో బ్రెట్, షాన్ ఇద్దరే రింగ్ మధ్యలో చేతులు కలుపుకున్నారు, మనం ఇంకా కొట్టుకుంటున్నాం.

నా వాదనకి అడ్డం వచ్చేది అండర్‌టేకర్ ఒక్కడే. అతనికి పగ అక్కర్లేకపోయింది. 1990 సర్వైవర్ సిరీస్‌లో ఆ టోపీ, ఆ నడక చూడగానే పిల్లలు బిక్కచచ్చిపోయారు, పేరు మొదటి రోజే పనిచేసింది. ఈ మాట ఎవరైనా అంటే నా దగ్గర సగం జవాబే ఉంది. ఆ తొలి రోజుల్లో అతన్ని కేన్ ది అండర్‌టేకర్ అని పిలిచేవారు. కొద్ది రోజులకే ముందున్న కేన్ అన్న ముక్క ఎవరికీ అక్కర్లేక రాలిపోయింది, పోయిందని కూడా ఎవరూ గమనించలేదు. ఏడేళ్ళ తర్వాత అదే ముక్క బోను తలుపు ఊడబీక్కుని లోపలికి వచ్చింది.