స్పోక్ విరిగితే బరువునీ, కిర్రుమంటే బాటమ్ బ్రాకెట్‌నీ తిట్టడం ఇక ఆపుదాం

రోడ్ బైక్ వెనక చక్రంలో స్పోక్ విరిగిందని ఎవరైనా అనగానే వచ్చే మొదటి ప్రశ్న "మీ బరువెంత?" తొక్కుతుంటే కిర్రుమంటోందంటే వచ్చే మొదటి సలహా "బాటమ్ బ్రాకెట్ మార్చేయండి", అంటే పెడళ్ళ చేతుల మధ్య ఇరుసు తిరిగే బేరింగుని. చాలాసార్లు ఈ రెండూ తప్పే. అడిగినవాళ్ళు కొత్త బాటమ్ బ్రాకెట్ కొంటారు, శబ్దం అలాగే ఉంటుంది. ఒక స్పోక్ వేయించుకుంటారు, నెల తిరక్కుండా దాని పక్కది పోతుంది. ఈ రెండు జబ్బులకీ ఎక్కువసార్లు మూలం ఒక్కటే: బిగువుగా ఉండాల్సింది వదులుగా ఉండటం.

ముందు స్పోక్ సంగతి. చక్రం నేలకి ఆనే చోట ఉన్న స్పోకుల బిగువు కాస్త తగ్గుతుంది, పైకి రాగానే మళ్ళీ పెరుగుతుంది. రోడ్ టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే కిలోమీటరుకి దాదాపు 475 సార్లు, వెయ్యి కిలోమీటర్లకి 4 లక్షల 75 వేల సార్లు ప్రతి స్పోకూ ఇలా వదులై బిగుస్తుంది. సరైన బిగువుతో ఉన్న స్పోక్ ఎంత తగ్గినా ఇంకా లాగిపట్టే ఉంటుంది. వదులుగా ఉన్నది మాత్రం పూర్తిగా జారిపోయి, మళ్ళీ ఒక్కసారిగా లాగబడుతుంది. హబ్ (చక్రం మధ్య భాగం) రంధ్రంలో కూర్చునే దాని మెడ వంపు అటూ ఇటూ కదులుతుంది. ఇనప తీగని చేత్తో ముందుకీ వెనక్కీ వంచితే తెగినట్టే అదీ తెగుతుంది. బరువు దీన్ని తొందరపెడుతుంది, నిజమే. కానీ బిగువు సమంగా కట్టిన చక్రం బరువైన మనిషినీ ఏళ్ళ తరబడి మోస్తుంది, చెడ్డగా కట్టింది తేలికైన మనిషి కిందా విరుగుతుంది.

అందుకే విరిగిన ముక్కని పారేయకండి. అది ఎక్కడ విరిగిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మెడ వంపు దగ్గర విరిగి, తెగిన ముఖంలో కొంత నున్నగా, కొంత గరుకుగా ఉంటే అది అలసట వల్ల తెగినది, బిగువు లోపమే. క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) వైపు స్పోక్ మీద హబ్‌కి కొంచెం పైన గాట్లు కనిపిస్తే, ఎప్పుడో చైను పెద్ద పళ్ళచక్రం దాటి లోపలికి పడి స్పోకుల్ని కోసిందన్నమాట. అప్పుడు కొత్త స్పోక్ ఒక్కటే చాలదు, వెనక గేరు మార్చే డీరెయిలర్‌కి లోపలి హద్దు పెట్టే ఎల్ స్క్రూనీ, డీరెయిలర్‌ని మోసే హ్యాంగర్ వంకరనీ సరిచేయకపోతే రేపు ఇంకోటి పోతుంది. స్పోక్ చివర మరలు (స్క్రూ గాడులు) ఉన్నచోట తెగితే స్పోక్ పొడవు చాలక నిపుల్ (రిమ్ దగ్గర స్పోక్‌ని పట్టే చిన్న నట్టు) తల దాకా మరలు చేరలేదేమో చూడాలి. నిపుల్ తలే ఊడొచ్చిందంటే అల్యూమినియం నిపుల్‌ని తుప్పు తినేసి ఉండొచ్చు. మధ్యలో తెగడం అరుదు, అది సాధారణంగా పుల్లో రాయో ఇరుక్కున్న దెబ్బ.

వెనక చక్రంలో ఇంకో చిక్కుంది. క్యాసెట్‌కి చోటివ్వడం కోసం రిమ్‌ని కుడివైపుకి లాగి కడతారు. దాంతో కుడి స్పోకుల బిగువుతో పోలిస్తే ఎడమవి దాదాపు సగంలోనే ఉంటాయి. కుడివైపే 100 నుంచి 120 కిలోల బిగువు లేకపోతే ఎడమవైపు ఇంకేం మిగులుతుంది? అవే నెమ్మదిగా వదులై, మెడ దగ్గర విరుగుతాయి. రిమ్ తయారీదారు చెప్పిన గరిష్ఠం ఎంతో చూసి, దాన్ని దాటకుండా, దానికి దగ్గరగా కుడివైపు బిగించడమే ఎడమవైపుని కాపాడే దారి.

బిగువు కొలిచే మీటరు లేకపోయినా అది తెలుసుకోవచ్చు. వీణ తీగలా ఒక్కొక్క స్పోక్‌నీ వేలితో మీటండి, ఒకే వైపువి ఒకదానితో ఒకటి పోల్చండి. కుడిదాన్ని ఎడమదానితో పోల్చకూడదు, వాటి శ్రుతి వేరు. అన్నీ ఒక స్థాయిలో పలుకుతుంటే ఒకటి మొద్దుగా "డబ్" అంటే అదే రేపు విరగబోయేది. పక్కపక్కనే సమాంతరంగా ఉన్న రెంటిని గుప్పిట్లో పట్టి నొక్కితే చేతికే తెలుస్తుంది.

స్పోక్ మార్చడానికి పొడవు మిల్లీమీటరు తేడా లేకుండా కావాలి. మెడ వంపు లోపలి అంచు నుంచి మరల చివరి దాకా రెండు ముక్కలూ కొలిచి కలపండి. వెనక కుడివైపుదైతే క్యాసెట్ విప్పాల్సిందే, తిరిగి బిగించేటప్పుడు దాన్ని పట్టి ఉంచే లాక్‌రింగ్‌కి 40 న్యూటన్ మీటర్ల బిగింపు. కొత్త స్పోక్ హబ్ రంధ్రంలోకి లోపలి నుంచి వచ్చిందా బయటి నుంచి వచ్చిందా, చివరగా ఇంకో స్పోక్‌ని దాటే చోట పైనుంచి పోయిందా కింద నుంచా, అదే వైపు స్పోకుల్లో ఒకటి వదిలి ఒకటి చూసి అలాగే అల్లండి. స్పోక్ కీ సరైన కొలతదే వాడండి: 3.23, 3.3, 3.45 మిల్లీమీటర్లలో మీ నిపుల్‌కి ఏది అతుకుతుందో అది. ఒక కొలత పెద్దది వాడితే నిపుల్ మూలలు గుండ్రమైపోతాయి, తర్వాత ఏ కీ పట్టదు. పావు తిప్పు చొప్పున బిగిస్తూ రిమ్ బెండు చూసుకోండి. బిగించేటప్పుడు స్పోక్ మెలితిరుగుతుంది, కాబట్టి కావలసినదానికి కొంచెం ఎక్కువ తిప్పి అంతే వెనక్కి తీయండి. లేకపోతే బైక్ ఎక్కగానే "టింగ్ టింగ్" మంటూ ఆ మెలికలు విప్పుకుంటాయి, రిమ్ మళ్ళీ వంకర పోతుంది.

దారిలో విరిగితే ముక్కని పక్క స్పోక్‌కి చుట్టేయండి. కుడిది విరిగితే రిమ్ ఎడమకి లాగుతుంది, కాబట్టి దానికి అటూ ఇటూ ఉన్న ఎడమ స్పోకుల్ని అర తిప్పు వదులు చేసి, బ్రేక్ రబ్బర్లు రాసుకోకుండా చూసి, మెల్లగా ఇంటికి వెళ్ళండి. ఒకటి విరిగితే మార్చండి. కొద్దికాలంలోనే రెండోది కూడా విరిగితే ఒక్కొక్కటే మారుస్తూ కూర్చోవద్దు. మిగతావన్నీ అదే వయసువి, అదే అలసట మోసినవి. రిమ్, హబ్ బాగుంటే ఉంచుకుని అన్ని స్పోకులూ కొత్తవి వేసి మళ్ళీ కట్టించండి. దీన్ని అనవసర ఖర్చు అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఇక కిర్రు. బోలు గొట్టాల ఫ్రేములో శబ్దం ఒకచోట పుట్టి ఇంకోచోట వినిపిస్తుంది. సీటు కింద గొట్టంలో పుట్టింది పాదాల దగ్గర వినిపించొచ్చు. చెవిని నమ్మి విప్పడం మొదలుపెట్టకండి. ముందు ఎప్పుడు వస్తోందో పట్టుకోండి. తొక్కడం ఆపి వదిలేసినా వస్తే పెడల్, క్రాంకుల (పెడళ్ళని మోసే చేతుల) తప్పు కాదు. లేచి నిలబడి తొక్కితే పోతే సీటు, సీట్ పోస్ట్ చూడండి. నిలబడినప్పుడే వస్తే హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ కూడా అనుమానితులే: ముందు బ్రేక్ పట్టి ఆగి, హ్యాండిల్‌ని రెండు చేతులతో అటూ ఇటూ లాగి చూడండి.

లయతో వచ్చే శబ్దానికి గేరు మార్చడమే పరీక్ష. ముందు 50 పళ్ళు, వెనక 25 ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం కచ్చితంగా 2 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండుసార్లు టిక్కుమంటే అది చక్రానిదా, రెండు పెడళ్ళదా ఈ గేరులో తెలియదు. వెనక 17కి మార్చండి, ఇప్పుడు చక్రం దాదాపు 3 చుట్లు. లెక్క మారితే చక్రం, మారకపోతే పెడల్ వైపు. రెండు చుట్లకి కొంచెం పైన ఒకసారి వస్తుంటే చైనులో బిగుసుకుపోయిన లింకు వెతకండి, 108 లింకుల చైను 50 పళ్ళ మీద ఒక చుట్టు రావడానికి 2.16 పెడల్ చుట్లు పడతాయి.

అసలు మోసం ఇక్కడే ఉంది. కాలు గట్టిగా నొక్కిన క్షణంలోనే వెనక స్పోకులు ఒకదాన్ని ఒకటి రాసుకుని కిర్రుమంటాయి. అందుకే అది పెడల్ లయలో వినిపించి బాటమ్ బ్రాకెట్‌లా భ్రమ పెడుతుంది. స్పోకుల జంటల్ని చేత్తో నొక్కుతూ చుట్టూ రండి. అదే శబ్దం వస్తే బిగువు చూసి, దాటుకునే చోట్ల చుక్క నూనె వేయండి. వీలైతే ఇంకో బైక్ చక్రం ఐదు నిమిషాలు పెట్టి తొక్కండి, ఇంతకంటే తొందరగా తేలే పరీక్ష లేదు.

బాటమ్ బ్రాకెట్ జోలికి పోయే ముందు చవకవన్నీ చూడండి. వెనక ఇరుసు ఆనే చోటు, హ్యాంగర్ వెనక ముఖం తుడిచి పలుచగా గ్రీజు. పెడళ్ళు విప్పి మరలకి గ్రీజు, ఎడమ పెడల్ ఎదురు మర అని గుర్తుంచుకుని 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. చైన్‌రింగ్ (ముందు పళ్ళచక్రం) బోల్టులు, షూ అడుగున పెడల్‌కి తగులుకునే క్లీట్ స్క్రూలు. సీట్ పోస్ట్ ఎత్తుకి టేపు గుర్తు పెట్టి బయటికి లాగండి, దాని చుట్టూ పేరుకున్న నల్లటి మన్నే ఎన్నోసార్లు ఆ కిర్రు. లోహం లోహాన్ని తాకితే గ్రీజు. కార్బన్ పోస్ట్‌కైతే గ్రీజు కాదు, కార్బన్ పేస్ట్. బిగింపు మాత్రం దాని మీద రాసినంతే, శబ్దం పోవట్లేదని ఇంకాస్త బిగిస్తే కార్బన్ పగులుతుంది. కీళ్ళలోకి పలుచటి స్ప్రే కొట్టమనే సలహా వినకండి. అది ఉన్న గ్రీజునీ కరిగించి కడిగేస్తుంది, కొన్నాళ్ళు నిశ్శబ్దం, తర్వాత బేరింగు పోతుంది.

ఒక్క కిర్రుని మాత్రం వాయిదా వేయొద్దు. 2023 సెప్టెంబరులో సైకిల్ భాగాల కంపెనీ షిమానో తన అల్టెగ్రా, డ్యూరా-ఏస్ 11 స్పీడ్ క్రాంకుల్లో 2019 జూలైకి ముందు తయారైన కొన్నింటిని తనిఖీకి పిలిచింది. రెండు భాగాలుగా అతికించిన క్రాంక్ చేయి విడిపోయే ప్రమాదమే కారణం. ఎఫ్‌సీ-6800, ఎఫ్‌సీ-ఆర్8000, ఎఫ్‌సీ-9000, ఎఫ్‌సీ-ఆర్9100 రకాలు అందులో ఉన్నాయి. చేయి వెనక ఉన్న రెండక్షరాల తయారీ కోడ్ చూసి మీది ఆ జాబితాలో ఉందేమో తెలుసుకోండి. ఏ క్రాంక్ అయినా సరే, తుడిచి టార్చ్ వేసి అతుకు వెంబడి చూడండి. తర్వాత రిమ్‌లో నిపుల్ రంధ్రాల చుట్టూ, ఫ్రేములో ఇరుసు కూర్చునే చోట, బాటమ్ బ్రాకెట్ గొట్టం చుట్టూ చూడండి. తుడిచినా పోని గీత గోరుకి తగిలితే ఆ బైక్‌ని పక్కన పెట్టి, ముందు ఆ భాగం మార్పించండి.