ఫిలిప్పీన్ స్టడీస్ చదివి ఏం చేస్తారని అడిగేవాళ్లకి

మన పిల్లలు ఏళ్లుగా మెడిసిన్ కోసం ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. అదే దేశంలో ఆ సమాజం గురించి, సంస్కృతి గురించి పీజీ, పీహెచ్‌డీ చేయొచ్చని చెబితే మాత్రం "అది చదివితే ఉద్యోగం వస్తుందా?" అని తీసిపారేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

యూనివర్సిటీ ఆఫ్ ద ఫిలిప్పీన్స్ దిలిమాన్ క్యాంపస్‌లో ఏషియన్ సెంటర్ ఉంది. అక్కడ ఫిలిప్పీన్ స్టడీస్‌లో ఎంఏ చేయొచ్చు. పీహెచ్‌డీని ఆ సెంటరూ, సాహిత్యం, కళల కాలేజీ, సామాజిక శాస్త్రాల కాలేజీ కలిసి నడుపుతాయి. అందుకే దాన్ని ట్రై-కాలేజ్ అంటారు.

ఇలా కలిపి ఎందుకు చదవాలో చెప్పడానికి ఒక అట్టపెట్టె చాలు. దాన్ని బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు. దుబాయ్‌లోనో హాంకాంగ్‌లోనో ఇంటిపని చేసే ఫిలిప్పీన్స్ తల్లి నెలల తరబడి దాన్ని కొంచెం కొంచెంగా నింపుతుంది. సబ్బులు, టూత్‌పేస్టులు, చాక్లెట్లు, డబ్బా మాంసం, సందుల్లో కుక్కిన తువ్వాళ్లు. చుట్టూ టేపు వేసి, పెద్దక్షరాలతో పేరు రాసి ఓడలో పంపిస్తే వారాలకి ఇల్లు చేరుతుంది.

విదేశాల నుంచి వచ్చే డబ్బు ఆ దేశ జీడీపీలో సుమారు 8, 9 శాతమని ఎకనామిక్స్ చెబుతుంది. మంచిదే. అసలు ఆమె ఎందుకు వెళ్లింది? 1974లో అప్పటి అధ్యక్షుడు మార్కోస్ తెచ్చిన లేబర్ కోడ్ చదవాలి, కార్మికుల్ని బయటికి పంపడాన్ని ప్రభుత్వమే నెత్తికెత్తుకున్నది అప్పుడే. నర్సులు అమెరికా బాట ఎందుకు పట్టారు? అమెరికా పాలనలో పెట్టిన నర్సింగ్ స్కూళ్ల దాకా, ఇంగ్లీషు బడుల దాకా వెనక్కి వెళ్లాలి. పెట్టె విప్పాక ఎవరికేం పంచాలి, ఎవర్ని మర్చిపోతే ఎవరు నొచ్చుకుంటారు అన్నది ఆంత్రోపాలజీ వాళ్లు చూడాల్సిన సంగతి. తల్లిని ఫోన్లో తప్ప ఎరగని పిల్ల మనసు తెలియాలంటే కథలూ కవితలూ చదవాల్సిందే. ఏ ఒక్క డిపార్ట్‌మెంట్‌కీ ఇది లొంగదు.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే నచ్చింది. 1565 నుంచి స్పెయిన్, ఆ తర్వాత 1946 దాకా అమెరికా ఏలిన దేశం అది. వాళ్ల గురించి చాలాకాలం బయటివాళ్లే రాశారు. 1970ల్లో విర్హీలియో ఎన్రికెజ్ అనే సైకాలజిస్టు, మా మనసుల్ని మా భాషలో మేమే చదువుకుంటాం అని సికోలోహియాంగ్ పిలిపినో అనే ఉద్యమాన్నే నడిపాడు. ఇప్పుడు అక్కడ తమ ఫిలిపినో భాషలోనే థీసిస్ రాసేవాళ్లున్నారు.

మరి మన సంగతి? జగిత్యాల, నిజామాబాద్ మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు వెళ్లేది కూడా ఆ గల్ఫ్‌కే. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లుల మీద పరిశోధించే అమ్మాయికి ఎకనామిక్స్ నుంచి ఒక గైడు, తెలుగు శాఖ నుంచి ఒక గైడు ఉండాలి. థీసిస్ తెలుగులో రాసుకోనివ్వాలి. దీనికి కొత్త బిల్డింగులేం అక్కర్లేదు. ఉన్న శాఖలు ఒప్పుకుంటే వచ్చే ఏడాదే మొదలుపెట్టొచ్చు.