సవరణ: పారాలీగల్ సర్టిఫికెట్ గురించి

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో పారాలీగల్ (లాయరుకు సహాయంగా లీగల్ పనులు చేసే వ్యక్తి) సర్టిఫికెట్ తెచ్చుకుంటే సొంతంగా ఆఫీసు పెట్టి, విడాకులకూ అద్దె తగాదాలకూ సలహా చెప్పొచ్చని మొన్న రాశాను. అది తప్పు. అక్కడి బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 6450 సెక్షన్ ప్రకారం పారాలీగల్ లాయరు పర్యవేక్షణలోనే పనిచేయాలి. వివరాలు సేకరించొచ్చు, కాగితాలు డ్రాఫ్ట్ చేయొచ్చు. "మీరు ఈ కేసు వేయండి" అని మాత్రం అనకూడదు. నేను పారాలీగల్‌ను లీగల్ డాక్యుమెంట్ అసిస్టెంట్‌తో కలిపేసుకున్నాను. ఈ అసిస్టెంట్లు కౌంటీలో (మన జిల్లా లాంటిది) రిజిస్టరై, క్లయింటు చెప్పింది ఫారంలో నింపుతారంతే. సలహా వాళ్లూ ఇవ్వకూడదు.

ఇంకోటి, 'ఏబీఏ సర్టిఫైడ్ పారాలీగల్' అన్నాను. ఏబీఏ, అంటే అమెరికన్ బార్ అసోసియేషన్ అనే లాయర్ల సంఘం, ఆమోదించేది కోర్సును, మనిషిని కాదు. నా మాట నమ్మి రెజ్యూమేలో అలా రాసుకున్నవాళ్లుంటే మార్చేయండి.