'అదే సర్దుకుంటుందిలే' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'అదే సర్దుకుంటుందిలే' గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఏ వైద్య కళాశాల గడపా తొక్కకుండా, గుమ్మంలోనే నిలబడి, మాటలు ఆలస్యమైన పిల్లల ఎదుగుదలపై తీర్పు చెప్పగల మీ ప్రతిభకు ముందుగా జోహార్లు.

ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచినా తల తిప్పని మా రెండేళ్ల అబ్బాయి, పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు కాగానే పరుగెత్తుకొస్తే, 'చెవులు భేషుగ్గా ఉన్నాయి, వట్టి మొండివాడు' అని తేల్చేశారు. బొమ్మ కారును తిరగేసి, నేలకు చెంప ఆనించి, ఒక్క చక్రాన్నే తిప్పుతూ చూస్తుంటే 'ఇంజనీరవుతాడు' అన్నారు. కావలసినదాన్ని వేలితో చూపించకుండా నా చెయ్యి పట్టుకుని దాని మీద పెడితే, వాడి తెలివికి మురిసిపోయారు. (వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, మాటతీరునూ నలుగురితో కలిసే తీరునూ ప్రభావితం చేసే ఆటిజమే అనలేము, నిజమే, కానీ మూడూ కలిసి కనిపిస్తున్నా, వినికిడి పరీక్షైనా చేయించమనడానికి మీకు నోరు రాలేదు.)

ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో కొందరు తమంతట తామే అందుకుంటారు. మీ పరపతి అంతా ఆ కొందరి మీదే నడుస్తోంది. మిగిలినవారి లెక్క మీ ఖాతాలో ఎక్కడా కనిపించదు. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం సూచనలు పసిగట్టడానికి ఎంచాట్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. అది ఆటిజాన్ని నిర్ధారించదు, నిపుణులకు చూపించాలో లేదో మాత్రమే చెబుతుంది. మీరు ఆ మాత్రం ప్రశ్నలు కూడా అడగకుండానే జవాబిస్తారు.

మీ బంధువర్గమూ తక్కువది కాదు. పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో ఆటిజం ఉన్న పిల్లల గురించి వివరంగా రాసిన తర్వాత, తల్లి ప్రేమలో వెచ్చదనం లేకపోవడమే కారణమన్న వాదం ఏళ్ల తరబడి పెత్తనం చేసింది. ఆటిజానికి టీకాలే కారణమేమోనని అనుమానిస్తూ, 12 మంది పిల్లలపై 1998లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో ఉపసంహరించుకున్నా, ఆ అనుమానం ఇంకా ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. రెండో ఏట మీరు ఓదార్చి వెళితే, నాలుగో ఏట వీళ్లొచ్చి తల్లిని నిలదీస్తారు. ఆ గుంపులో మీరూ గొంతు మార్చి, 'ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా?' అనడం గమనించాను.

స్పీచ్ థెరపీ మొదలైనా మీకు విశ్రాంతి లేదు. మా అబ్బాయి ఏడవకుండా, గ్లాసు బొమ్మ ఉన్న కార్డు అందించి నీళ్లడిగిన రోజున, 'కార్డులు అలవాటైతే ఇక మాటలేం వస్తాయి' అని పెదవి విరిచారు. కార్డుల వల్ల మాట ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. ఈసారి వచ్చినప్పుడు వాడు ఆ కార్డు మీ చేతికిస్తే, దయచేసి ఉపన్యాసం ఆపి నీళ్లివ్వండి.

ఇట్లు,
మీ ఓదార్పుతో విసిగిన ఒక తల్లి