స్పితి వాళ్ళు అమాయకులేమీ కారు

ఆగస్టులో పదకొండు రోజులు హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో గడిపి హైదరాబాద్ తిరిగి వచ్చిన దగ్గర నుంచి బంధువులూ, ఆఫీసువాళ్ళూ అడుగుతున్నది ఒకే ప్రశ్న: "అక్కడి మనుషులు ఎంతో అమాయకులటగా, ఏమీ లేకపోయినా సంతోషంగా ఉంటారటగా?" ఈ ప్రశ్నకు తల ఊపి ఊరుకోవడం సులువే, కానీ నాలుగోసారి విన్నాక ఒళ్ళు మండింది. వెళ్ళే ముందు నేను చూసిన వీడియోలన్నింటిలోనూ ఇదే మాట ఉంది. ఒక మనిషి నవ్వుతూ టీ ఇవ్వగానే అతనికి లెక్కలు తెలియవనీ, ఆశలు లేవనీ మనమే తీర్మానించేస్తాం. నేను అక్కడ చూసినంత లెక్కగా బతికే మనుషులను ఇంకెక్కడా చూడలేదు.

ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే విస్తీర్ణంలో పెద్దదైన లాహౌల్–స్పితి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 31,564 మంది. రుతుపవనాల మేఘాలను దక్షిణాన ఉన్న కొండలే చాలావరకు ఆపేస్తాయి కనుక ఇది దాదాపు ఎడారి. మనాలి వైపు నుంచి రోహ్‌తంగ్ కనుమ కిందుగా తవ్వి 2020లో ప్రారంభించిన అటల్ సొరంగంతో ఇక్కడి రాకపోకల కష్టాలన్నీ తీరిపోయాయని మనవాళ్ళు అనుకుంటారు. సొరంగం తెరుచుకున్నది లాహౌల్‌కు. స్పితికి వెళ్ళాలంటే ఆ తర్వాత 4,500 మీటర్లు దాటిన కుంజుం కనుమ ఎక్కాలి, చలికాలమంతా అది మంచు కిందే ఉంటుంది. అప్పుడు మిగిలేది పొరుగు జిల్లా కిన్నౌర్ వైపు దారి ఒక్కటే, అదీ కొండచరియల దయ.

స్పితిలో ముఖ్య పట్టణమైన కాజాకు పైన ఉన్న ఒక ఊళ్ళో మేము దిగిన ఇల్లు మట్టి ఇటుకలది, పైకప్పు కూడా మట్టిదే. మొదటి రోజు నన్ను బెదరగొట్టింది ఎత్తు కాదు, మరుగుదొడ్డి. నేల మీద ఒక చదరపు కంత, పక్కన మట్టీ బూడిదా కలిపిన గుట్ట, దానిలో గుచ్చిన పార. పని అయ్యాక రెండు పారల మట్టి కిందకు నెట్టాలి. నీళ్ళతో పనే లేదు, నేను భయపడినంత వాసనా లేదు. కింద గదిలో ఏడాది పొడుగునా మాగినదంతా వసంతంలో చేలకు ఎరువుగా వెళ్తుంది. చలికాలంలో పైపుల్లో నీళ్ళు గడ్డకట్టే చోట ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు తోచలేదు. అయితే మాతో వచ్చిన బృందంలో ఇద్దరు మర్నాడే ఫ్లష్ ఉన్న హోటల్ వెతుక్కుంటూ కాజాకు దిగిపోయారు. అలాంటివాళ్ళ కోసం కాజాలో సిమెంటు గదులూ, వాటి నెత్తిన నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులూ లేస్తూనే ఉన్నాయి. ఆ నీళ్ళు ఎవరి పొలానికి వెళ్ళాల్సినవో అడిగే యాత్రికుడు నాకు కనబడలేదు.

నీళ్ళ సంగతి నాకు అర్థమైంది బఠానీ చేలో. ఒకప్పుడు బార్లీ, నల్ల బఠానీ పండించుకు తిన్న లోయ ఇప్పుడు పచ్చి బఠానీ అమ్ముకుని బతుకుతోంది. మైదానాల్లో బఠానీ దొరకని వేసవి చివరి రోజుల్లో ఇక్కడ కాయ కోతకు వస్తుంది కనుక వ్యాపారులు లారీలు వేసుకుని కొండెక్కుతారు. మా ఇంటావిడ, మేము దీదీ అని పిలిచేవాళ్ళం, కాయను వేలితో నొక్కి చూసి ఈ రోజు కోయాలా ఎల్లుండి దాకా ఆగాలా అన్నది చెప్పేసేది. కరిగిన మంచు నీటిని కాలువలో తెచ్చి, రాత్రంతా ఊరి పైనున్న గుంటలో నింపి, పొద్దున్నే తూము తీసి వంతుల ప్రకారం వదులుతారు. మన తెలంగాణ చెరువుల కింద నీరటి చేసే పని లాంటిదే, కాకపోతే ఇక్కడ మంచు తక్కువ పడిన ఏడాది ఆ గుంట నిండదు. బార్లీ కంటే బఠానీకి నీళ్ళు ఎక్కువ కావాలి. డబ్బు కావాలంటే బఠానీ వేయాలి, నీళ్ళు చాలవనిపిస్తే బార్లీకి దిగాలి. ఏప్రిల్లోనే కొండ మీది మంచు చూసి ఎంత చేలో ఏది వేయాలో దీదీ తేల్చుకుంటుంది. దీన్ని అమాయకత్వం అంటారా?

ఆస్తి విషయం ఇంకా కఠినం. ఆచారం ప్రకారం ఇల్లూ పొలమూ పెద్ద కొడుకువి. తల్లిదండ్రులు పక్కనే ఉన్న చిన్న ఇంటికి మారిపోతారు, తమ్ముళ్ళలో చాలామంది ఒకప్పుడు మఠాలకు వెళ్ళేవారు. ఉన్న కాస్త సాగుభూమి ముక్కలు కాకుండా ఉండటానికి పుట్టిన పద్ధతి ఇది. అన్నదమ్ములు పంచుకుంటూ పోయి గట్టు దగ్గర కొట్టుకునే స్థితికి వచ్చిన మా ఊరి పొలాలను చూసినవాడిగా దీనిలోని తర్కం నాకు తెలుస్తుంది. కానీ ఈ తర్కం ఖర్చు ఎవరు పెట్టుకున్నారో కూడా చెప్పాలి. కూతుళ్ళకు వాటా లేదు. హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం స్పితివాళ్ళ లాంటి షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ చట్టం తెచ్చిన రాష్ట్రం నుంచి వెళ్ళిన నాకు, పొలంలో రోజంతా నడుం వంచి కాయలు కోస్తున్న ఆడవాళ్ళను చూస్తుంటే ఈ విషయం ముల్లులా గుచ్చుకుంది. 'స్వచ్ఛమైన ప్రాచీన జీవనం' అని మురిసిపోయే పోస్టుల్లో ఈ ముక్క ఎందుకు ఉండదో నాకు తెలియదు.

చూడదగ్గ చోట్లు అందరూ రాసినవే. క్రీ.శ. 996లో కట్టిన తాబో మఠంలో మట్టి గోడల మీది చిత్రాలు చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఫోటోలు తీయనివ్వకపోవడం నా దృష్టిలో మంచిదే. లాంగ్జా ఊళ్ళో, హిమాలయాలు పుట్టక ముందు ఇక్కడ ఉన్న టెథిస్ సముద్రం నాటి అమ్మొనైట్ శిలాజాలు, అంటే నత్తగుల్లలా చుట్టుకున్న రాళ్ళు దొరుకుతాయి. మన పూజగదుల్లోని సాలగ్రామాలు కూడా ఈ జాతివే. మా బృందంలో ఒకాయన రెండు జేబులో వేసుకుని, పుణ్యం కొద్దీ దొరికాయన్నాడు. వచ్చిన ప్రతివాడూ రెండేసి తీసుకుపోతే అక్కడ మిగిలేది ఏమిటో ఆయన ఆలోచించినట్టు లేదు.

ఆ పెద్దమనిషే రోజూ సాయంత్రం సిగ్నల్ దొరికిన మూల నిలబడి 'డబ్బు విలువ తెలియని దేవతలు' అంటూ దీదీ కుటుంబం ఫోటోలు పెట్టేవాడు. వెళ్ళే రోజు పొద్దున దీదీ లెక్క రాసిన కాగితం ఇచ్చింది. గది, భోజనం కింద వేడి నీళ్ళ బకెట్లు అని వేరే వరుస ఉంది, బకెట్‌కు వంద రూపాయలు. ఆయన ముఖం మాడిపోయింది. నీళ్ళకు కూడా డబ్బులా అని బేరం మొదలుపెట్టాడు. దీదీ కోప్పడలేదు. పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి, గోడ పక్కన పేర్చిన పిడకల వరుసలను చూపించి, ఇవి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మా ఇంటిల్లిపాదికీ సరిపోవాలి, మీ బకెట్లకు ఇన్ని పోయాయి అని చేత్తో కొలిచి చూపించింది. ఆయన ఆరు బకెట్లకు ఆరు వందలూ ఇచ్చాడు. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నవ్వి, దారిలో తినడానికి మా అందరి చేతుల్లోనూ గుప్పెడేసి బఠానీ కాయలు పోసింది.